రెండో తాగుబోతు

కప్పు చేతికి రాగానే మెలేసియో తాగడు. ముందు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. పొద్దుటి కాఫీ అయినా, మంచినీళ్లయినా, కూతురు జెనా కాచిన చేపల పులుసయినా సరే, ఒక్క క్షణం ఆగి, కళ్లు మూసుకుని, ఊపిరి లోపలికి తీసుకుని, ఆ తర్వాతే పెదవికి తాకిస్తాడు. తొమ్మిదేళ్లుగా ఇదే వరస. మనవరాలు పిపాయ్‌కి ఐదేళ్లు. పాలగ్లాసు అందుకోగానే అదీ ముక్కు లోపలికి పెట్టి గట్టిగా పీల్చి, "బాగానే ఉంది తాతా, తాగొచ్చు" అంటుంది. అందరూ నవ్వుతారు. మెలేసియో కూడా నవ్వుతాడు గానీ వాసన చూడకుండా మాత్రం ఏదీ నోట పెట్టడు.

జులై వానల్లో ఒక మంగళవారం పొద్దున అతను కాఫీ వాసన చూస్తే ఏమీ తెలియలేదు. ఇంకోసారి చూశాడు. కప్పులోంచి వేడి తగిలింది, అంతే. రెండు రోజుల నుంచి పట్టిన జలుబు రాత్రికి రాత్రి ముక్కును పూర్తిగా మూసేసింది.

"పిపాయ్, ఇది ఏమిటో చూడమ్మా."

పిల్ల వాసన చూసింది. "కాఫీ."

"కాఫీ ఒక్కటేనా?"

"చక్కెర ఎక్కువేసింది అమ్మ."

జెనా ఆసుపత్రి యూనిఫారం గుండీలు పెట్టుకుంటూ తండ్రి వైపు చూసింది. "నాన్నా, ఇవాళ మానెయ్యకూడదా? ఈ ముక్కుతో షూటింగేమిటి?"

"తాగుబోతుకి ముక్కెందుకే? వేషం బాగా కుదురుతుంది."

జెనా నవ్వలేదు. అతనూ నవ్వించాలని అనలేదు. ఒక్కరోజు వెళ్లకపోతే రేపటి నుంచి ఇంకొకడిని పిలుస్తారు. అరవై దాటిన జూనియర్ ఆర్టిస్టుకి మనీలాలో రెండో అవకాశం అంటూ ఉండదు.

ముప్ఫై ఏళ్లుగా మెలేసియో సినిమాల్లో తాగుబోతు. వీధి చివర కొట్టు ముందు కూర్చుని హీరోయిన్‌ని ఏదో అనబోయి హీరో చేతిలో దెబ్బలు తినేవాడు అతనే. పెళ్లివిందులో బల్ల మీద పడిపోయేవాడూ అతనే. కొత్తవాళ్లు తాగుబోతు వేషమంటే ఊగుతారు. మెలేసియో ఊగడు. తాగినవాడు తాగలేదని చూపించడానికి ఎంత కష్టపడతాడో అదే నటిస్తాడు. చెప్పు వేసుకోవడానికి కాలు ఎంతో మర్యాదగా చాపుతాడు, గుండీ ఒక్కొక్కటే శ్రద్ధగా పెట్టుకుంటాడు. ఆ ముప్ఫై ఏళ్లలో మొదటి ఇరవై ఒక్కటీ నటించాల్సిన అవసరం పెద్దగా రాలేదు.

ఆ రోజుల్లో సాయంత్రం అతని అడుగుల చప్పుడు వినగానే భార్య, చిన్న జెనాని గుమ్మంలోకి పంపేది. "వెళ్లి నాన్నకి ముద్దు పెట్టిరా." పిల్ల పరుగెత్తుకుని వచ్చి మెడ చుట్టూ చేతులు వేసేది. అది ప్రేమ అనుకునేవాడు మెలేసియో. పిల్ల వాసన చూడటానికి వస్తోందనీ, వెనక్కి తిరిగి తలూపితే తల్లి చిన్నవాళ్లని తీసుకుని పక్కింటికి వెళ్లిపోతుందనీ చాలా ఏళ్లకు గానీ అతనికి తెలియలేదు. భార్య చనిపోయింది. తొమ్మిదేళ్ల కిందట జెనా అతన్ని ఇంట్లోకి రానిచ్చిన రోజున గుమ్మంలోనే నిలబెట్టి చెప్పింది: "ఒక్క చుక్క నాన్నా. ఒక్క చుక్క వాసన వచ్చినా ఈ తలుపు మళ్లీ తెరుచుకోదు. అరవను, ఏడవను. గడియ పెట్టేస్తాను."

షూటింగు మనీలా పక్కనున్న మలబోన్‌లో ఒక ఇరుకు సందులో. రాత్రి సీనును పగలే తీయడానికి సందు మొత్తం నల్లగుడ్డ కప్పేశారు. లోపల ఊపిరాడనంత ఉక్క. సినిమా కూడా ఒక తాగుబోతు కథే, తాగుడు మానేసినవాడి కథ. డైరెక్టరు పావ్‌లా అనే చిన్నమ్మాయి, అందరూ ఆమెను "డిరెక్" అని పిలుస్తారు. ఇవాళ్టి సీను ఒక చావు దగ్గర. శవపేటిక పక్కన బల్ల వేసుకుని స్నేహితులు తాగుతుంటారు, ఒకే గ్లాసు చేతులు మారుతూ వస్తుంది. మెలేసియో రెండో తాగుబోతు. అతని తర్వాత గ్లాసు హీరోకి వెళుతుంది.

"ఇక్కడ హీరో మొదటిసారి గ్లాసు వద్దంటాడు మాంగ్ మెలేస్" అంది డిరెక్, పెద్దవాళ్లని పిలిచే మర్యాదతో. "గ్లాసు నేలకేసి కొడతాడు. బయటికి పరుగెడతాడు. వాన. మోకాళ్ల మీద పడి ఆకాశంలోకి చూసి అరుస్తాడు. ఆ తర్వాతి షాటులో తెల్లచొక్కా, చర్చి, పక్కన భార్య. మీకు అనుభవం ఉందని విన్నాను. ఎలా ఉంది?"

"బాగుంది డిరెక్. మధ్యలో ఏమవుతుంది?"

"దేని మధ్యలో?"

"వానకీ తెల్లచొక్కాకీ."

ఆమె ఆలోచించింది. "పాట ఉంటుంది."

"నేను ఏడుసార్లు మానేశాను డిరెక్. ఒక్కసారీ పాట రాలేదు."

లైట్లవాళ్లు పగలబడి నవ్వారు. "మరేమొచ్చింది మాంగ్ మెలేస్?" అని ఒకడు అరిచాడు.

"వణుకు."

వాళ్లు దానికీ నవ్వారు.

సీసాల పని నెనెత్‌ది. ఆమె పదిహేనేళ్లుగా సినిమా మందు కలుపుతోంది. రమ్ముకి టీ డికాషను, జిన్నుకి మంచినీళ్లు, బీరు నురగకి సబ్బు. ప్రతి షూటింగులోనూ మెలేసియో వచ్చి సీసా మూతలు తీసి వాసన చూసుకుంటాడని ఆమెకు తెలుసు. ఎందుకో ఎప్పుడూ అడగలేదు. ఇవాళ అతను సీసాల ముందు నిలబడి చేతులు నలుపుకున్నాడు.

"నెనెత్, నా ముక్కు పనిచెయ్యట్లేదు. నువ్వు చూసిపెట్టు."

"నేనే నింపానుగా కుయా!" అంది ఆమె, అన్నని పిలిచినట్టు.

"తెలుసు. అయినా చూడు."

ఆమె నాలుగు సీసాలూ ఒక్కొక్కటే వాసన చూసింది. "నీళ్లు. నీళ్లు. నీళ్లు. ఇవీ నీళ్లే, మా అమ్మ మీద ఒట్టు. ఇక భోంచెయ్యి, మొహం అలా పెట్టకు."

అతను భోంచేశాడు. చీకట్లో తెలియని ఇంట్లో నడుస్తున్నవాడిలా ఉంది అతనికి.

గ్లాసు నింపి అందించే మనిషి వేషానికి డిరెక్ నటుడిని పెట్టలేదు. ఆ సందులో నిజంగానే ప్రతి కూడికలోనూ మందు పోసే ఇస్లావ్ అనే ముసలాయన్నే పెట్టింది. "ఆ చేతులు చూడండి, ఎంత సహజంగా ఉన్నాయో" అని మురిసిపోయింది. చనిపోయినవాడి ఫోటో కావాల్సి వస్తే కళావిభాగం వాళ్లు ఆ సందులోనే ఒక ఇంట్లోంచి అడిగి తెచ్చారు. అది బెర్టో అనే మనిషిది. పోయి రెండు నెలలయింది. ఇస్లావ్‌కి నలభై ఏళ్ల స్నేహితుడు. ఖాళీ శవపేటిక మీద ఆ ఫోటో పెట్టినప్పటి నుంచీ ఇస్లావ్ గొణుగుతూనే ఉన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు.

భోజనాలయ్యాక కెమెరా తిరిగింది.

ఇస్లావ్ గ్లాసులో పోశాడు. ముందుగా కాస్త నేల మీద ఒంపాడు. "ముందు వెళ్లినవాళ్లకి" అన్నాడు, ఫోటో వైపు చూస్తూ. "నీకేరా బెర్టో." మిగిలింది తాను తాగాడు. మళ్లీ నింపి మొదటి తాగుబోతుకి ఇచ్చాడు. అతను గటుక్కున మింగి దగ్గాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. బాగా చేస్తున్నాడే అనుకున్నాడు మెలేసియో. మరుక్షణం అనుమానం వచ్చింది. వాడు అంత మంచి నటుడు కాదు.

గ్లాసు తన చేతికి వచ్చింది. అలవాటుగా ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఏమీ లేదు. గోడ వాసన చూసినట్టుంది. కెమెరా నెమ్మదిగా అతని వైపు జరుగుతోంది. గ్లాసు వద్దనాల్సింది హీరో. రెండో తాగుబోతు వద్దంటే హీరో వద్దనడానికి ఏమీ మిగలదు. నెనెత్ తల్లి మీద ఒట్టు పెట్టింది. నాలుగు సీసాలూ చూసింది. తాగాడు.

నోరు భగ్గుమంది.

ఒక్క లిప్త. ఆ లిప్తలో అతనికి ఇస్లావ్ మొహం, దీపాలు, హీరో చెంప మీద అద్దిన చెమట, అన్నీ విడివిడిగా కనిపించాయి. నాలుక గుర్తుపట్టింది. అన్నిటికన్నా భయం వేసింది అందుకే. నాలుక పాత స్నేహితుడిని చూసినట్టు సంతోషపడింది. గొంతు తనంతట తానే తెరుచుకోబోయింది. మెలేసియో తల వంచి నోరు తెరిచేశాడు. జిన్ను గడ్డం మీదుగా, చొక్కా మీదుగా, ఒళ్లోకి, నేల మీదికి కారిపోయింది.

"కట్!"

"ఎవరు పోశారు? ఎవరు పోశారు ఇందులో?" నెనెత్ అరుపుకి సందులో కుక్కలు లేచాయి.

ఇస్లావ్ దాచలేదు. "నేనే పోశాను. భోజనాల వేళ. బెర్టో ఫోటో ముందు నీళ్లు పోసుకుని నాటకమాడతారా? చచ్చినవాడికి నీళ్లు ఒంపి సాగనంపుతారా? మీరు సినిమావాళ్లు, రేపు వెళ్లిపోతారు. వాడి మొహం చూడాల్సింది నేను."

డిరెక్ తెర మీద షాటు మళ్లీ చూసుకుంటోంది. "మాంగ్ మెలేస్, ఆ ఉమ్మడం... ఎంత బాగా వచ్చిందో! భయంకరంగా ఉంది. ఇది ఉంచేద్దాం."

మెలేసియో కొళాయి దగ్గర నోరు పుక్కిలిస్తున్నాడు. పదకొండుసార్లు పుక్కిలించాడు. పన్నెండోసారికి దోసిలి పట్టాడు. ఇస్లావ్ వెనక వచ్చి నిలబడ్డాడు.

"నాకు తెలియదు తమ్ముడూ. తాగుబోతు వేషం వేసేవాడికి మందు పడదని ఎవరనుకుంటారు?"

"ఎవరూ అనుకోరన్నా."

"మింగావా?"

"లేదు" అన్నాడు మెలేసియో. ఆ మాట బయటికి వచ్చాక అది నిజమేనా అని అతనికే అనుమానం వచ్చింది. ఒక్క చుక్క దిగి ఉంటుందా? నాలుక కింద ఏమైనా ఉండిపోయిందా?

"తిన్నగా ఇంటికి పోకు" అన్నాడు ఇస్లావ్ గొంతు తగ్గించి. "నాటకమైనా చావు చావే, ఫోటో నిజంది. దారిలో ఎక్కడైనా కాసేపు ఆగి వెళ్లు. లేకపోతే బెర్టో నీ వెంట వస్తాడు."

ఇంటికి వెళ్లే జీప్నీ బండిలో జనం కిక్కిరిసి ఉన్నారు. మెలేసియో కూర్చున్న కాసేపటికి పక్కనున్న ఆవిడ జరిగింది. ఎదుటి ఆవిడ ఒళ్లోని బిడ్డ మొహం భుజం మీది తువ్వాలుతో కప్పింది. కాలేజీ పిల్లలిద్దరు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకున్నారు. "ఇంకా ఐదు కాలేదురా, ఈయనకి అప్పుడే పండగ" అన్నాడొకడు.

మెలేసియో చొక్కా చూసుకున్నాడు. జూనియర్ ఆర్టిస్టులు తమ బట్టలు తామే తెచ్చుకుంటారు. మార్చుకోవడానికి ఇంకోటి లేదు. తడి ఆరిపోయింది. చొక్కా ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఏమీ తెలియలేదు. లోకమంతటికీ తెలుస్తున్న తన వాసన తనకొక్కడికే తెలియడం లేదు. జెనా మూడున్నరకే ఇంటికి వచ్చేసి ఉంటుంది.

ఇంటికి రెండు వీధుల ముందు దిగిపోయాడు. చావింటి నుంచి తిన్నగా గుమ్మం ఎక్కకూడదని అతనూ చిన్నప్పటి నుంచీ నమ్మినవాడే. అయితే ఆ పాత రోజుల్లో అందుకోసం ఆగే చోటు ఎప్పుడూ ఒకటే. కాళ్లు అక్కడికే తీసుకెళ్లాయి. ఇనుప ఊచల వెనక షాంపూ పొట్లాలు, ఉప్పుచేపలు, పై అరలో చదరపు జిన్ను సీసాలు. కొట్లో కొత్తమ్మాయి ఉంది. ఆమెకు అతనెవరో తెలియదు.

"ఏం కావాలి పెద్దాయనా?"

"పిప్పరమెంటు బిళ్లలు. నాలుగివ్వమ్మా."

బిళ్లలు ఊచల మధ్య నుంచి అతని అరచేతిలో పడ్డాయి. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. ఇరవై ఒక్క ఏళ్లూ ఇంటికి వెళ్లే ముందు ఇదే కొట్టు, ఇవే బిళ్లలు, నాలుగే. కాగితం విప్పే పద్ధతి కూడా వేళ్లకు తెలుసు. తాగనివాడు కూడా తాగినవాడిలాగే దాక్కోవడానికి చూస్తున్నాడు.

"ఇంకేమైనా కావాలా?" అంది ఆ అమ్మాయి. అతను పై అర వైపు చూస్తున్నాడని ఆమె గమనించింది. "చిన్నది కావాలా, పెద్దదా?"

ఎలాగూ వాసన వస్తోంది. ఎలాగూ తలుపు మూసుకుంటుంది. మూసుకునే తలుపుకి ఒక చుక్కయితేనేం, సీసా అయితేనేం? ఆ ఆలోచన ఎవరో చెవిలో చెప్పినంత స్పష్టంగా వచ్చింది. గొంతు బుజ్జగిస్తున్నట్టుంది. మెలేసియో వెనక్కి తిరిగి చూశాడు. వీధిలో ఎవరూ లేరు. బెర్టో వెంట వచ్చాడో లేదో గానీ ఇంకొకడు మాత్రం వచ్చాడు. తొమ్మిదేళ్ల కిందటి మెలేసియో. వాడు గుండీ శ్రద్ధగా పెట్టుకుంటున్నాడు.

బిళ్లలు అక్కడే గట్టు మీద వదిలేసి నడిచాడు. ఆ అమ్మాయి వెనక నుంచి పిలుస్తూనే ఉంది.

ఇంటి గుమ్మం ముందు నిలబడ్డప్పుడు అతనికి కొత్త భయం పట్టుకుంది. ఈ సీను అతను ఎన్నిసార్లు చేశాడో లెక్కలేదు. తండ్రి గుమ్మంలో ఉంటాడు, కూతురు తలుపు తీస్తుంది. "నేను తాగలేదమ్మా" అంటాడు తండ్రి. "నన్ను నమ్ము" అంటాడు. "దేవుడి మీద ఒట్టు" అంటాడు. "ఎవరో కలిపారు, నా తప్పు కాదు" అంటాడు. ప్రతి సినిమాలోనూ ఆ మాటలన్నీ అబద్ధాలే. ప్రేక్షకులు నవ్వుతారు, లేదా నిట్టూరుస్తారు. ఇవాళ ఆ మాటలన్నీ నిజం. అయినా వాటిలో ఒక్కటి కూడా వాడుకోవడానికి పనికిరాదు. ముప్ఫై ఏళ్లుగా తానే వాటిని అరగదీశాడు.

తలుపు తట్టకముందే పిపాయ్ తీసింది. "తాతా!" అని నడుముకి చుట్టుకుంది. చుట్టుకుని ఆగిపోయింది. ముక్కు ఎగబీల్చింది. మెడ తిప్పి లోపలికి చూసింది.

సరిగ్గా అలాగే చూసేది జెనా.

"అమ్మా, తాత దగ్గర ఆసుపత్రి వాసన."

జెనా వచ్చింది. మూడడుగుల దూరంలోనే ఆగిపోయింది. దగ్గరికి రానవసరం లేదు. ఆమె మొహంలో కోపం రాలేదు. ముప్ఫై ఆరేళ్ల మొహం కళ్ల ముందే చిన్నదై, తొమ్మిదేళ్ల పిల్లదయింది. "పిపాయ్, లోపలికి వెళ్లు" అంది. చెయ్యి గడియ మీదికి వెళ్లింది.

మెలేసియో నోరు తెరిచాడు. సినిమా మాటలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. వాటి వెనక్కి వెతుక్కున్నాడు.

"నోట్లో పడింది జెనా. ఉమ్మేశాను. మొత్తం ఉమ్మానో లేదో నాకు తెలియదు."

ఆమె అతని కళ్లలోకి చూసింది.

"రుచి బాగుంది" అన్నాడు. "తొమ్మిదేళ్లయినా బాగుంది. కొట్టు దగ్గర ఆగాను. చిన్నదా పెద్దదా అని అడిగింది ఆ పిల్ల. ఇప్పుడు కూడా తాగాలనుంది. నువ్వు గడియ పెడితే మళ్లీ అక్కడికే వెళతాను. అందుకని పెట్టొద్దని అనడం లేదు. పెట్టు, కానీ నువ్వు కూడా బయటికి రా. నాకు భయంగా ఉందే. నన్ను ఒక్కడినీ వదలకు."

జెనా చెయ్యి గడియ మీదే ఉంది. ఎక్కడో రేడియోలో ఎవరో నవ్వుతున్నారు.

ఇరవై ఒక్క ఏళ్లలో అతను ఆమెతో వెయ్యి మాటలు చెప్పాడు. ఏడ్చాడు, ఒట్లు పెట్టాడు, కాళ్లు పట్టుకున్నాడు. తాగాలనుందని ఎప్పుడూ చెప్పలేదు. భయంగా ఉందని అసలే చెప్పలేదు.

"చొక్కా విప్పు" అంది చివరికి.

"ఏంటి?"

"ఆ చొక్కా విప్పి అక్కడ పడెయ్యి నాన్నా. ఆ వాసన నావల్ల కాదు." లోపలికి వెళ్లి పాత ఆకుపచ్చ చొక్కా ఒకటీ గొడుగూ తెచ్చింది. చొక్కా అతని మీదికి విసిరింది. చేతికి ఇవ్వలేదు. "మంగళవారం కదా. చర్చి వెనక మీ తాగుడు మానేసినవాళ్ల మీటింగు ఆరున్నరకేగా?"

"ఆరున్నరకే."

"నేనూ వస్తాను. నిన్ను నమ్మానని కాదు."

"తెలుసు."

"ఎక్కువ మాట్లాడకు. నడు."

పిపాయ్‌ని పక్కింట్లో దింపి, తలుపుకి తాళం వేసి, ఇద్దరూ ఒకే గొడుగు కింద నడిచారు. కొట్టు ముందు నుంచే దారి. అక్కడికి రాగానే జెనా అతని చెయ్యి పట్టుకుంది. ముంజేతి పై నుంచి, దొంగని పట్టుకున్నట్టు గట్టిగా పట్టుకుంది. చర్చి వెనక గది దాకా వదల్లేదు. తాళంచెవి ఆమె రెండో పిడికిట్లో ఉంది. తిరిగి వచ్చాక ఆ తలుపు తనకి తెరుచుకుంటుందో లేదో మెలేసియో అడగలేదు. అడిగే ధైర్యం లేదు.

ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. ఎవరో కాఫీ ఇచ్చారు. అతను కప్పు ముక్కు దగ్గర పెట్టుకుని, ఏమీ తెలియక, అలాగే పట్టుకుని కూర్చున్నాడు. జెనా కప్పు లాక్కుని వాసన చూసి, తిరిగి ఇచ్చింది.

"కాఫీయే" అంది.

ఇది జరిగి ఏడాదిన్నర. ఆ సినిమా వచ్చి వెళ్లిపోయింది. ఉమ్మిన షాటు ఉంచారని, దాని తర్వాత వాన, పాట వస్తాయని నెనెత్ చెప్పింది. మెలేసియో చూడలేదు. మింగలేదు కాబట్టి తాగకుండా గడిపిన తొమ్మిదేళ్లూ అలాగే ఉన్నాయని మీటింగులో పెద్దవాళ్లు అన్నారు గానీ, అతను ఆ మంగళవారం నుంచే లెక్క మళ్లీ మొదలుపెట్టి చెప్పుకుంటాడు. తాగుబోతు వేషాలు ఇప్పటికీ వేస్తున్నాడు. తన సీసా తానే నింపుకుని ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. జెనా ఇంట్లో, వంటగది పక్క గదిలో ఉంటున్నాడు. సాయంత్రం ఇంటికి రాగానే ఆమె దగ్గరికి వచ్చి అతని వాసన చూస్తుంది. చూసి, పక్కకి జరిగి దారి ఇస్తుంది.